విండోసా, లైనక్సా, మ్యాకా... మా డీటీపీ షాపు గోల

మా షాపులో మూడు సిస్టంలు. ఒకటి నాది, ఒకటి మా ఆపరేటర్ అన్నయ్యది, మూడోది గుమ్మం పక్కన, జిరాక్సులకి ప్రింటవుట్లకి. తెనాలిలో డీటీపీ, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బిల్ బుక్కులు, ఎలక్షన్లొస్తే పాంప్లెట్లు, ఇదీ మన వ్యాపారం. మూడింట్లోనూ విండోస్ 10 ఉండేది. పోయిన ఏడాది అంటే 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్టు అయిపోయింది అనేసరికి మూడూ ఒకేరోజు రిటైర్ అయిపోయినట్టు అనిపించింది నాకు. ఆగిపోవు లెండి, పనిచేస్తూనే ఉంటాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు అంతే. ఆ "అంతే" మా కొట్టుకి చిన్న మాట కాదు, ఎందుకంటే రోజుకి నలభై యాభై మంది వచ్చి పెన్‌డ్రైవ్ మన చేతిలో పెట్టి "రెండు కాపీలు తియ్యండి" అంటారు, ఎవడి పెన్‌డ్రైవులో ఏ పురుగుందో ఆ దేవుడికే తెలియాలి.

సరే విండోస్ 11 వేసేద్దాం అనుకుంటే అది మన సిస్టంలని లోపలికి రానివ్వదు. ఇంటెల్ అయితే కనీసం ఎయిత్ జెన్ (ఎనిమిదో తరం) ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి. మనవి రెండు ఫోర్త్ జెన్ ఐ3లు, ఒకటి సిక్స్త్ జెన్ ఐ5. రూఫస్ అని ఒక టూల్ ఉంది, దాంతో పెన్‌డ్రైవ్ చేసి ఈ చెకింగులన్నీ దాటించి ఎక్కించొచ్చు, మా వీధిలోనే ఇద్దరు చేసుకున్నారు, బానే నడుస్తున్నాయి కూడా. కానీ అలా ఎక్కించినవాటికి రేపు అప్‌డేట్లు వస్తాయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది, అప్‌డేట్ల కోసమే కదా ఇంత గోల, మళ్ళీ అక్కడికే వస్తే ఎట్లా. ఇంకోటి ఈఎస్‌యూ అని, డబ్బు కడితే విండోస్ 10కే ఇంకొన్నాళ్ళు అప్‌డేట్లు ఇస్తారు. ఇంట్లో వాడుకునేవాళ్ళకి ఒక ఏడాది, 2026 అక్టోబర్ దాకా, అది ఫ్రీగా తెచ్చుకునే దారులు కూడా ఉన్నాయి. వ్యాపారానికి అయితే సిస్టంకి మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడు దానికి డబల్, మూడో ఏడు మళ్ళీ దానికి డబల్. పదేళ్ళు దాటిన సిస్టం మీద అంత పెట్టడం అంటే పాత స్కూటర్‌కి కొత్త ఇంజను వేయించినట్టే.

ఇక్కడ అందరూ సలహాలు మొదలెట్టారు. బెంగళూర్లో ఉండే మా మేనల్లుడు "మావయ్యా, ఆపిల్ వాళ్ళ మ్యాక్ మినీ ఒకటి తీసుకో, పదేళ్ళు చూసుకోక్కర్లేదు" అన్నాడు. మా పక్క వీధిలో కాలేజీ లెక్చరర్ గారొకరు, నోట్సు బైండింగుకి వస్తుంటారు, ఆయనేమో "విండోస్ బదులు లైనక్స్ పెట్టండి, పైసా ఖర్చు లేదు" అని చాలా ఏళ్ళుగా చెప్తున్నారు. ఇద్దరూ చెప్పింది తప్పు కాదు. కాకపోతే వాళ్ళిద్దరిలో ఎవరూ ఎప్పుడూ పేజ్‌మేకర్‌లో, అంటే మేం పేజీలు కట్టే పాత ప్రోగ్రాంలో, శుభలేఖ కొట్టలేదు.

అసలు ముందు ఇంకో సంగతి చెప్పాలి, నేను ఇంత భయపడటానికి కారణం అదే. చాలా ఏళ్ళ క్రితం ఒక కుర్రాడు మాకు సిస్టంలు ఫార్మాట్ చేసి ఇచ్చేవాడు, ఏ ఊరివాడో ఎందుకులెండి. విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ అన్నీ కలిపి ఐదొందలు. అన్నీ క్రాకులే, అంటే లైసెన్సు లేని దొంగ కాపీలే అని నాకు తెలుసు, నేనేదో అమాయకుణ్ణని చెప్పట్లేదు. ఒకరోజు ఒక క్రాక్ ఫైల్ రన్ చేయడానికి యాంటీవైరస్ ఆపాలన్నాడు, ఆపాడు, మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోయాడు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే షాపు తెరిచి సిస్టం ఆన్ చేస్తే డి డ్రైవులో ప్రతి ఫైలు పేరు చివరా ఏవో వింత అక్షరాలు, ఏదీ ఓపెన్ కాదు, ప్రతి ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, డబ్బు కడితే తాళం ఇస్తామని. మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయి, పదకొండు కార్డులు ప్రూఫులో ఉన్నాయి. మా అన్నయ్య ఒక పాత హార్డ్ డిస్కులో అప్పుడప్పుడు కాపీలు పెట్టుకునేవాడు కాబట్టి సగం బతికాయి, మిగతా సగం రాత్రింబవళ్ళు కూర్చుని మళ్ళీ కొట్టాం. ఆరోజు నుంచి క్రాక్ అనే మాట మా షాపులో బూతు. కాబట్టి ఏ ఓఎస్ అయినా సరే, అసలైనదే ఉండాలి, అదొక్కటి ముందే తేల్చేసుకున్నాను. ఆన్‌లైన్లో ఐదారు వందలకి దొరికే విండోస్ కీలు కూడా వద్దనుకున్నా, అవి ఎక్కడ పుట్టాయో ఎవడికీ తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. తెలుగు డీటీపీ చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్తున్నా. మన దగ్గర ప్రింటింగ్ షాపులన్నీ అను ఫాంట్ల మీద నడుస్తాయి. అవి యూనికోడ్ కాదు, అంటే అన్ని సిస్టంలూ ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. ఫైలు లోపల నిజంగా ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, వాటి మీద తెలుగు బొమ్మ తొడిగి ఉంటుంది. ఆ ఫాంటు ఉన్న సిస్టంలో "శ్రీరస్తు" కనిపిస్తుంది, లేని సిస్టంలో డాలర్ గుర్తూ, చుక్కలు పెట్టిన యూరోప్ అక్షరాలూ కనిపిస్తాయి. ఇంక పేజ్‌మేకర్ 7.0, అది 2001లో వచ్చింది, అదే ఆఖరు, తర్వాత ఇంకో వెర్షన్ లేదు, యూనికోడ్ అంటే దానికి తెలియదు. తమాషా ఏంటంటే అదే 2001లో విండోస్ ఎక్స్‌పీ కూడా వచ్చింది, గౌతమి ఫాంటుతో, అందులో యూనికోడ్ తెలుగు ఉంది. ఒకే ఏడాది రెండు దారులు తెరుచుకుంటే మన ప్రెస్సులన్నీ పాత దారిలోనే ఉండిపోయాయి, ఎందుకంటే అక్షరాలు అందంగా ఉన్నాయి, పని వేగంగా అయ్యేది, అందరి దగ్గరా అవే ఉన్నాయి. ప్రింటింగ్ ప్లేటు తీసేవాడి దగ్గర కూడా అవే ఉంటే నేనొక్కణ్ణి మారి ఏం చేయను?

మా దగ్గర దాదాపు పద్దెనిమిదేళ్ళ పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి. జనం అవే అడుగుతారు. "మా పెద్దమ్మాయి పెళ్ళికి మీరే కొట్టారు కదా, అదే మేటర్, పేర్లు మార్చండి చాలు" అంటారు. ఆ మాట మీదే మా షాపు నడుస్తోంది నిజం చెప్పాలంటే, పక్కన కొత్తగా నాలుగు షాపులొచ్చినా.

అందుకే మ్యాక్ సంగతి తొందరగా తేలిపోయింది. మ్యాక్ మినీ ఎం4 వచ్చినప్పుడు మన దగ్గర రేటు 59,900, దానికి మానిటరూ కీబోర్డూ మౌసూ వేరు. మంచి మెషీనే, కాదనను, ఫోటోషాప్ పని మాత్రమే అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు. కానీ ఇప్పటి మ్యాకుల్లో పేజ్‌మేకర్ నడవదు, అను ఫాంట్లతో టైపు చేయించే అను మేనేజర్ విండోస్ ప్రోగ్రాం, దానికోసం మళ్ళీ మ్యాకులో పారలల్స్ వేసి అందులో విండోస్ వేసి... మేనల్లుడికి ఇదంతా చెప్తే "అయితే ఇన్‌డిజైన్‌కి మారిపోండి మావయ్యా" అన్నాడు, అది పేజీలు కట్టే కొత్త ప్రోగ్రాం. వాడి వయసు అలాంటిది.

లైనక్స్ మాత్రం ట్రై చేద్దాం అనిపించింది, ఎందుకంటే డబ్బు పోయేది లేదు, ముందు గుమ్మం దగ్గర సిస్టంలో పెట్టి చూద్దాం, దాంట్లో ఎలాగూ పేజ్‌మేకర్ పని లేదు అని. లెక్చరర్ గారే ఒక ఆదివారం సాయంత్రం వచ్చి లైనక్స్ మింట్ 22 వేసిచ్చారు. అది ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అదే ఫోర్త్ జెన్ ఐ3, పాత హార్డ్ డిస్క్ పీకి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాం, అంతే ఖర్చు. నేను అనుకోలేదు గానీ స్విచ్ వేసి టీ గ్లాసు అందుకునేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. కింద ఎడమ మూల మెనూ, టాస్క్‌బారు, అంతా విండోస్ 7 లాగే ఉంటుంది, మా జిరాక్స్ కుర్రాడికి రెండో రోజుకే అలవాటైపోయింది, వాడు దాన్ని ఇప్పటికీ "కొత్త విండోస్" అనే అంటాడు, నేనూ సరిచెయ్యట్లేదు.

కష్టం ప్రింటర్ దగ్గర వచ్చింది. మా దగ్గర రెండు ఉన్నాయి. వైఫై ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ అయితే డ్రైవర్ అనేదే అడగలేదు, నెట్‌వర్కులో తనే కనిపించింది, ప్రింట్ కొడితే వచ్చింది. రెండోది ఒక పాత చిన్న లేజర్, ఏ కంపెనీదో చెప్పను, పదమూడేళ్ళుగా లక్షల పేజీలు కొట్టింది, టోనర్ రీఫిల్ చవక, మన దేశంలో ప్రతి జిరాక్స్ షాపులోనూ ఏదో ఒక రూపంలో ఇలాంటిదొకటి ఉంటుంది. ఇలాంటి పాత లేజర్లలో చాలావాటికి సొంత తెలివి తక్కువ, పేజీ మొత్తాన్ని కంప్యూటరే తయారుచేసి కంపెనీ సొంత భాషలో దానికి పంపాలి, ఆ భాష తెలిసిన డ్రైవర్ లేకపోతే అది ఒట్టి డబ్బా. లెక్చరర్ గారు రెండు సాయంత్రాలు దాని మీద కూర్చున్నారు. టెర్మినల్ అని నల్ల స్క్రీన్ తెరిచి ఏవో కొడుతూ ఉంటే మా కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చివరికి ఒక పేజీ వచ్చేది, రెండో పేజీకి ఆగిపోయేది, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఇంకో పేజీ. ఆధార్ కాపీ కోసం వచ్చినామె అరగంట నిలబడి "పక్క షాపుకి పోతాన్లే నాయనా" అని వెళ్ళిపోయింది. అప్పుడు నాకు రోషం వచ్చి ఆ లేజర్‌ని పీకి అన్నయ్య సిస్టంకి తగిలించేశా. అక్కడ విండోస్‌లో హాయిగా తిరుగుతోంది. కాబట్టి ఎవరైనా లైనక్స్‌కి వెళ్దాం అనుకుంటే ముందు ప్రింటర్ మోడల్ నంబర్ రాసుకుని అది నడుస్తుందో లేదో వెతకండి, ఓఎస్ గురించి తర్వాత చదువుకోవచ్చు.

ఇక కీబోర్డు. ఇది ఎవరూ చెప్పని సంగతి. మా అన్నయ్య ఆపిల్ లేఅవుట్‌లో కొడతాడు, ఏ మీటకి ఏ తెలుగు అక్షరమో చెప్పే అమరిక అది, మ్యాక్ కాదు, ఇరవై ఐదేళ్ళ నుంచి అదే, ఆయనకి కీబోర్డు మీద చూపు పడదు, ఎదురుగా కూర్చున్న కస్టమర్‌తో సినిమా కబుర్లు చెప్తూ కొట్టేస్తాడు. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ నేర్చుకో అన్నయ్యా ఫోన్లో కూడా పనికొస్తుంది అని నేను ఓసారి అంటే, "నువ్వు ఎడం చేత్తో అన్నం తినడం నేర్చుకో, అప్పుడు నేనూ నేర్చుకుంటా" అన్నాడు. మింట్‌లో టైపింగ్ కోసం ఐబస్ అని ఒకటి, దానికి ఎం17ఎన్ అనే కట్ట వేస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన ఇలా చాలా లేఅవుట్లు వస్తాయి, ఆ లిస్టు కిందకి దింపుతూ ఉంటే అందులో ఆపిల్ కూడా ఉంది! నిజంగా ఎగిరి గంతేశా. యూనికోడ్‌లో ఆపిల్ లేఅవుట్, ఫ్రీగా. అన్నయ్యని పిలిచి కూర్చోబెట్టా. ఒక వాక్యం కొట్టాడు, ఆగాడు, వత్తుల దగ్గర మొహం చిట్లించాడు. అనులో అక్షరం బొమ్మలు ముక్కలు ముక్కలుగా అతికించినట్టు కొడతాం, గుడి వేరు, తలకట్టు వేరు, వత్తు వేరు. యూనికోడ్‌లో అలా కుదరదు, పలికే వరసలో కొట్టాలి, వత్తు కావాలంటే ముందు పొల్లు కొట్టి తర్వాత హల్లు కొట్టాలి, బొమ్మని అది తనే కట్టుకుంటుంది. "లక్ష్మి" రాయడానికి నాలుగుసార్లు చెరిపాడు. లేచి వెళ్ళిపోతూ "వాట్సాప్‌కి సరిపోద్దిలే" అన్నాడు. ఆయన నోటి నుంచి అది పెద్ద సర్టిఫికెట్టే.

లెక్చరర్ గారు వదల్లేదు. ఫ్రీ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్‌లో డ్రా అని ఒకటుంది, అది పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరుస్తుంది చూడండి అన్నారు. నమ్మకుండానే ఒక 2014 నాటి శుభలేఖ తెరిచా. తెరుచుకుంది. పైన వినాయకుడి బొమ్మ పెట్టే డబ్బా ఉన్నచోటే ఉంది, బోర్డరు గీతలు ఉన్నాయి, చి.ల.సౌ. ఉండాల్సిన చోట మాత్రం తలకిందుల ప్రశ్నార్థకం, ఒక పౌండు గుర్తు, రెండు బ్రాకెట్లు. వరుడి పేరు సగం పక్క గడిలోకి జారిపోయింది. ఆ పెళ్ళికి నేను భోజనానికి కూడా వెళ్ళాను, ఆ పిల్ల పేరు ఇలా బ్రాకెట్లలో చూసేసరికి నవ్వొచ్చింది. ఫాంట్ ఫైళ్ళు తెచ్చి వేస్తే చూడ్డానికి అక్షరాలు వస్తాయి, దిద్దాలంటే మాత్రం అను మేనేజర్ కావాలి. విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో నడిపే వైన్ వేసి దాన్ని కూడా నడపాలని చూశాం, ఆ కథ చెప్పను, చాలా రాత్రిళ్ళు పోయాయి.

మధ్యలో మా బావమరిది ఫోన్ చేశాడు, వాడిది ఎరువుల కొట్టు, "బావా నాకూ లైనక్స్ వేయించు, ఫ్రీ అంట కదా" అని. నీ లెక్కలు దేంట్లోరా అన్నా, ట్యాలీ అన్నాడు. అయితే నోరు మూసుకుని విండోస్ 11 ఉన్న సిస్టం కొనుక్కో అన్నా. ట్యాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రాం, వైన్ మీద నడిపేవాళ్ళు ఉన్నారు గానీ రిటర్న్ ఫైల్ చేసే చివరి రోజు అది మొరాయిస్తే ఆడిటర్ గారు నన్ను తిడతారు, లైనక్స్‌ని కాదు. నా సంగతి వేరు, నా బిల్లులు ఒక స్ప్రెడ్‌షీట్, లిబ్రాఫీస్ కాల్క్‌లో కొట్టి ఎక్సెల్ ఫైలుగా సేవ్ చేసి పంపిస్తే ఆడిటర్ గారికి తేడా కూడా తెలియలేదు. జీఎస్టీ సైటు బ్రౌజరే కాబట్టి ఎందులోనైనా ఒకటే.

చివరికి ఇలా సర్దుకున్నాం. గుమ్మం దగ్గర సిస్టం మింట్‌లోనే ఉండిపోయింది, ఊళ్ళో వాళ్ళ పెన్‌డ్రైవులన్నీ అక్కడే, మన విండోస్ సిస్టంలకి ఆ పెన్‌డ్రైవులు తగలవు. విండోస్ కోసం రాసిన వైరస్ ఈఎక్స్‌ఈ ఫైళ్ళు దాంట్లో ఊరికే బొమ్మల్లా పడి ఉంటాయి, షార్ట్‌కట్ వైరస్ మొహం చూసి నెలలైంది. నాది కొత్తది అసెంబుల్ చేయించా, ట్వెల్త్ జెన్ ఐ3, విండోస్ 11 బిల్లుతో సహా కొన్నది, ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి కాబట్టి 8 జీబీతో సరిపెట్టా. పేజ్‌మేకర్ దాంట్లో కూడా ఎక్కింది, కంపాటిబిలిటీ మోడ్ పెడితే నడుస్తోంది, ఎన్నాళ్ళు నడుస్తుందో చూడాలి. అన్నయ్య సిస్టం మాత్రం విండోస్ 10తోనే ఉంది, కాకపోతే నెట్ కేబుల్ పీకేశా, వైఫై డాంగిల్ తీసి నా సొరుగులో పెట్టి తాళం వేశా. సీపీయూ మీద స్కెచ్ పెన్నుతో "దీనికి నెట్ పెట్టరాదు" అని రాసి టేపు అంటించా. అన్నయ్యకి మధ్యాహ్నం భోజనం అయ్యాక పాత పాటలు పెట్టుకునే అలవాటు, యూట్యూబ్ పోయిందని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత పాటలన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసిచ్చా, మింట్‌లో చెక్ చేసి మరీ. బ్యాకప్ వారానికోసారి రెండు హార్డ్ డిస్కుల్లోకి, ఒకటి ఇంట్లో ఉంటుంది.

మొన్న శుక్రవారం ఒక పెద్దాయన వచ్చాడు, కొల్లిపర వైపు నుంచి. 2011లో పెద్ద కూతురి పెళ్ళి కార్డు మా దగ్గరే వేయించాడట, చిన్న కూతురిది ఇప్పుడు. అదే మేటర్ కావాలి అన్నాడు. అన్నయ్య ఫైలు పేరు కూడా అడగలేదు, ఊరి పేరూ ఇంటిపేరూ విని ఫోల్డర్ తెరిచి రెండు నిమిషాల్లో తీశాడు, పేర్లు మార్చాడు, తేదీ మార్చాడు, పాత లేజర్‌లో ప్రూఫ్ వచ్చింది. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి అంతా చదివి, తాత పేరు ముందు "కీ.శే." చేర్చమన్నాడు, చేర్చాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "బాబూ, ఇదే మేటర్ ఫోన్లో పంపిస్తావా, బొమ్మ కాదు, తెలుగు అక్షరాలే, అమెరికాలో మావాడు దాన్ని మార్చుకుని వాళ్ళ ఫ్రెండ్స్‌కి పంపుతాడట" అన్నాడు.

అన్నయ్య నా వైపు చూశాడు. నేను ప్రూఫ్ కాగితం పట్టుకుని వెళ్ళి మింట్ ముందు కూర్చుని "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" నుంచి మొదలుపెట్టి మొత్తం మళ్ళీ కొట్టాను. ఫాంటు ఏం పెడదాం అని చూస్తే యూనికోడ్‌లో ఫ్రీగా దొరికేవాటిలో తెనాలి రామకృష్ణ అని ఒకటి ఉంది, మన ఊరి పేరు కదా అని పీడీఎఫ్‌కి అదే పెట్టా. ఇరవై నిమిషాలు పట్టింది. ఈ ఇరవై నిమిషాలకి ఎంత తీసుకోవాలో తెలియక ఆయన్ని ఏమీ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.